అంచులు పోయిన పోరాటం: 'అల్లూరి సీతారామరాజు' గృహవీక్షణ ప్రతులు, పరిష్కర్త బాధ్యత

ప్రాచీన కావ్యాన్ని పరిష్కరించి ప్రకటించే పండితుడు పీఠికలో మొదట తన ప్రతుల సంగతి చెబుతాడు. లభించిన ప్రతులెన్ని, అవి ఎక్కడివి, ఏది పూర్ణం, ఏది ఖండితం, ఏ పత్రాలు క్రిమిదష్టాలు, ఎక్కడెక్కడ తాను ఊహించి పూరించాడు అన్నది వివరించిన తరువాతనే కావ్యగుణాల జోలికి పోతాడు. ఈ వివరం లేని ముద్రణను మన తెలుగు శాఖల్లో ఎవరూ ప్రమాణంగా స్వీకరించరు. అదే శాఖల్లో చలనచిత్రాలపై వెలువడుతున్న పరిశోధనల్లో మాత్రం ఆధారప్రస్తావన తరచుగా సినిమా పేరుతో, విడుదలైన సంవత్సరంతో ముగిసిపోతున్నది. పరిశోధకుడు చూసినది థియేటర్ ప్రింటా, వి.సి.డి.యా, డి.వి.డి.యా, అంతర్జాలంలో ఎవరో ఎక్కించినదా? దాని నిడివి ఎంత? చిత్రం పూర్తి వెడల్పుతో ఉన్నదా? ఈ ప్రశ్నలు అడిగే పరీక్షకులు అరుదు.

ఈ ఉపేక్షకు మూల్యం చెల్లిస్తున్నది పరిశోధన పద్ధతి ఒక్కటే కాదు. తెలుగులో వచ్చిన యుద్ధ చిత్రాల్లో ముఖ్యమైన 'అల్లూరి సీతారామరాజు' (1974) విషయంలో ఆ మూల్యాన్ని మన్యం ప్రజల చరిత్ర చెల్లిస్తున్నదని ఈ వ్యాసం వాదిస్తుంది. చలనచిత్ర పునరుద్ధరణ అంటే పాత బొమ్మకు మెరుగు పెట్టడం కాదు. అది గ్రంథ పరిష్కరణ వంటి పని. ఆధారం చెప్పని పరిష్కరణను కావ్యంలో ఎలా నిరాకరిస్తామో సినిమాలోనూ అలాగే నిరాకరించాలి. ఆ నిరాకరణకు పూనుకోవలసినది, ఆ విద్యలో శతాబ్దానికి పైబడిన అనుభవం ఉన్న తెలుగు శాఖలే.

1. చిత్రం, దాని చరిత్ర

పద్మాలయా సంస్థ నిర్మించిన ఈ చిత్రం 1974 మే 1న విడుదలయింది. కథానాయకుడు కృష్ణకు ఇది నూరవ చిత్రం. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం కూడా ఇదే. దర్శకుడు వి. రామచంద్రరావు చిత్రీకరణ మధ్యలోనే మరణించగా మిగిలిన భాగాన్ని కె.ఎస్.ఆర్. దాస్ సహకారంతో కృష్ణ పూర్తి చేశారు. రచన త్రిపురనేని మహారథిది, ఛాయాగ్రహణం వి.ఎస్.ఆర్. స్వామిది, సంగీతం పి. ఆదినారాయణరావుది. ఇందులోని పాటకు శ్రీశ్రీ జాతీయ పురస్కారం అందుకొన్నారు. చిత్రీకరణలో అధికభాగం విశాఖ మన్యంలోని చింతపల్లి అడవుల్లో జరిగింది.

ఇక చరిత్ర. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయాన్ని, అటవీ ఫలసాయాన్ని గిరిజనుల చేతినుంచి తప్పించింది. గూడెం కొండల్లో రహదారి పనులకు వెట్టి మోపారు. ఈ నేపథ్యంలో 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై వరుసగా దాడులు జరిగాయి. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు హతులయ్యారు. ప్రభుత్వం మలబార్ స్పెషల్ పోలీసును, తరువాత అస్సాం రైఫిల్స్‌ను దించింది. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజును కాల్చి చంపారు. ఈ రెండేళ్ళ యుద్ధంలో గాం గంటందొర, గాం మల్లుదొర వంటి నాయకులున్నారు. పేరు తెలియని వందలాది గిరిజనులున్నారు.

ఖమ్మం-భద్రాచలం అడవి సరిహద్దులో పుట్టి పెరిగిన ఈ వ్యాసకర్తకు ఇది దూరపు కథ కాదు. 1879లో చెలరేగిన తొలి రంప తిరుగుబాటు భద్రాచలం తాలూకాలోని రేకపల్లి ప్రాంతానికి పాకింది. అంతకు అయిదేళ్ళ ముందు, 1874లో, ఆ ప్రాంతం సెంట్రల్ ప్రావిన్సుల నుంచి మద్రాసు రాజధానికి మారింది. కొత్త పాలనలో పోడు మీద పన్ను పెరగడం ఆ అలజడికి ఒక కారణం. భద్రాచలం 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు వచ్చింది. 2014లో చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం తదితర మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు మారాయి. రేకపల్లి 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి చేరింది. పరిపాలన సరిహద్దు ఇన్నిసార్లు జరిగిన నేలమీది జనానికి తమ పోరాటం బొమ్మగా మిగిలిన చోట్లలో ఈ సినిమా ఒకటి. అందుకే ఆ బొమ్మ ఏ రూపంలో అందుతున్నదన్నది సాంకేతిక నిపుణులకే వదిలివేయదగిన విషయం కాదు.

2. కోతపడిన వెడల్పు

సినిమాస్కోప్ చిత్రంలో ఎత్తు ఒకటి అయితే వెడల్పు సుమారు 2.35. పాత టెలివిజన్ తెరలో ఎత్తు ఒకటికి వెడల్పు 1.33 మాత్రమే. వెడల్పాటి చిత్రాన్ని ఇరుకు తెర నిండా నింపాలంటే ఇరుపక్కలా కోయక తప్పదు. లెక్క వేస్తే మిగిలేది దాదాపు 57 శాతం, పోయేది 43 శాతం. నేటి వెడల్పు టెలివిజన్ (1.78) నిండా నింపినా నాలుగో వంతు దాకా పోతుంది.

ఈ కోతకు కారణం కేవలం నిర్లక్ష్యం కాదని కూడా ఒప్పుకోవాలి. వి.సి.డి.లో బొమ్మకు నిలువున ఉండేవి 288 గీతలే. పైనా కిందా నల్లపట్టీలు వదిలి పూర్తి వెడల్పు చూపిస్తే బొమ్మకు దక్కేది 163 గీతలు. చిన్న టెలివిజన్ మీద ముఖాలు ఆనవు. కనుక తెలుగు స్కోప్ చిత్రాలను ఇంటికి తెచ్చిన సంస్థలు పక్కలు కోయడమే మేలనుకొన్నాయి. ఆనాటి పరిమితికి అది సంజాయిషీ కావచ్చు. ఆ పరిమితి తొలగిన తరువాత కూడా కోసిన ప్రతులే చెలామణిలో ఉంటే దానికి సంజాయిషీ లేదు.

కోసేవాడు ఏది ఉంచుతాడు? మాట్లాడుతున్న ముఖాన్ని, అంటే నాయకుణ్ణి ఉంచుతాడు. ఏది వదులుతాడు? అంచున నిలబడి వింటున్నవారిని, విల్లు పట్టి పొంచి ఉన్నవారిని, వెనుక కొండను. కుటుంబ కథాచిత్రంలో ఈ కోతవల్ల పోయేది ఇంటి గోడ. గిరిజన తిరుగుబాటు చిత్రంలో పోయేది తిరుగుబాటుదారులు. స్కోప్ తెరమీద నాయకుడు జనసమూహం మధ్య నిలబడిన మనిషి. కోసిన తెరమీద అతడు ఒంటరి వీరుడు. సంభాషణ మారదు, పాట మారదు, కథ మారదు. చరిత్రార్థం మాత్రం మారిపోతుంది. దీన్ని పాఠభేదం అనక మరేమనాలి?

ఒక అనుభవం చెప్పక తప్పదు. చిన్నతనంలో ఒక ఆగస్టు 15న మా ఊరి బడిలో ఈ చిత్రాన్ని వి.సి.డి.లో వేశారు. దాన్ని తయారుచేసిన వారి పేరు ఇక్కడ అనవసరం. చిత్రం విడుదలైన రోజుల్లో ఖమ్మంలో చూసి వచ్చిన ఒక కోయ పెద్దాయన మా పక్కన కూర్చున్నాడు. కొంతసేపు చూసి ఆయన అన్నది ఇది: "నేను టాకీసుల సూసినప్పుడు ఈ కొస నుంచి ఆ కొస దాక మనుషులే ఉన్నరు బిడ్డా. వాళ్ళందరు ఏడ బోయిన్రు?" ఆయన జ్ఞాపకంలో కొంత అతిశయం ఉండవచ్చు. కానీ ఆ ప్రశ్న పాఠపరిష్కర్త అడగవలసిన ప్రశ్నే. పాఠం లుప్తమైందని ప్రతులు పోల్చిచూడకుండానే ఆయన గుర్తించాడు. అటువంటి ప్రతుల మీద ఆధారపడి వ్యాసాలు రాస్తున్న మనం గుర్తించలేదు.

3. అడవి రంగు, బాణం

రెండవ లోపం రంగులో ఉన్నది. ఆ కాలపు ఈస్ట్‌మన్ కలర్ ప్రింట్లలోని రంగు పొరలు స్థిరమైనవి కావు. మూడు పొరల్లో నీలివన్నె పొర ముందుగా వెలిసిపోవడం, దాంతో ప్రింటు మొత్తం ఎర్రబారడం పరిరక్షకులకు పరిచితమే. పసుపు, నీలివన్నె పొరలు రెండూ కలిస్తేనే తెరమీద ఆకుపచ్చ. నీలివన్నె పొర పోతే ఆకుపచ్చ పోతుంది. అంటే అడవి గురించిన చిత్రంలో మొదట నశించేది అడవి రంగే.

ఎర్రబారిన ప్రింటును కంప్యూటరులో తిరిగి పచ్చగా చేయవచ్చు. అయితే ఎంత పచ్చ? చింతపల్లి కొండల్లో శీతాకాలపు ఉదయపు పచ్చ వేరు, ఎండాకాలపు గడ్డి రంగు వేరు. ఆనాటి సాంకేతిక నిపుణులు చాలామంది లేని ఈ కాలంలో ఏ ఆధారంతో ఏ వన్నె నిర్ణయించారో చెప్పకపోతే ఆ పచ్చదనం పరిష్కర్త సొంత కవిత్వం. కావ్యంలో దాన్నే ప్రక్షిప్తం అంటాం.

మూడవ లోపం శుభ్రత పేరుతో జరిగేది. ఫిల్ము మీది రేణువులను పూర్తిగా నునుపు చేస్తే ముఖాలు మైనపు బొమ్మల్లా తయారవుతాయి. ఆకుల సందులు ముద్దకడతాయి. ధూళిమచ్చలను తొలగించే యాంత్రిక పద్ధతి పనిచేసే తీరు మరీ గమనించదగినది. పక్క ఫ్రేముల్లో లేకుండా ఒక్క ఫ్రేములోనే కనిపించే చిన్న వస్తువును అది మచ్చగా ఎంచి చెరిపేస్తుంది. వానచినుకులు, నిప్పురవ్వలు, వేగంగా దూసుకుపోయే చిన్న వస్తువులు ఇలా మాయమయ్యే ప్రమాదం ఉన్నదని ఈ రంగంలో పనిచేసేవారికి తెలుసు. విల్లంబులతో తుపాకులను ఎదిరించిన జనం కథలో యంత్రం బాణాన్ని ధూళిగా పొరబడితే, దిద్దవలసినది పక్కన కూర్చున్న మనిషి. ఆ మనిషికి మన్యం చరిత్ర తెలిసి ఉండాలి.

ధ్వని విషయం కూడా ఇంతే. ఒకే మార్గంలో ముద్రితమైన ధ్వనిని నేటి ఇంటి థియేటర్ల కోసం అనేక మార్గాలుగా విడదీసి, తుపాకి మోతలు కొత్తగా చేర్చడం పాత చిత్రాల వ్యాపారంలో వాడుకగా మారింది. కొత్త ధ్వనిని అదనంగా ఇవ్వడంలో తప్పు లేదు. పాత ధ్వనిని తొలగించి దాని స్థానంలో ఇవ్వడం తప్పు. చివర రూథర్‌ఫర్డ్ పాత్రధారి జగ్గయ్యకు, కృష్ణకు నడిచే సంవాదంలో మహారథి మాటలకు ఎంత బలమున్నదో వాటి మధ్య విరామాలకూ అంత బలమున్నది. ఆ విరామాలను నేపథ్య ధ్వనితో నింపితే రచన పాడవుతుంది.

4. పూర్వపక్షాలు

ఈ వాదానికి వచ్చే ఆక్షేపణలు నాలుగు.

మొదటిది: సినిమా పరిరక్షణ తెలుగు శాఖ పని కాదు. దీనికి మన చరిత్రే సమాధానం. పలనాటి యుద్ధగాథ వీరవిద్యావంతుల గానంలో బతికిన మౌఖిక సంప్రదాయం. దాన్ని అక్కిరాజు ఉమాకాంతం 1911లో పరిష్కరించి ప్రకటించినప్పుడు గాయకుల నోట ఉన్నది సాహిత్యశాఖ పని కాదని ఎవరూ అనలేదు. సి.పి. బ్రౌన్ ప్రతులు సేకరించి, పండితులచేత పోల్చి చూపించి శుద్ధప్రతులు రాయించినప్పుడు వేమన పద్యాలు ఉన్నత సాహిత్యమా కాదా అన్న మీమాంసలో కాలం గడపలేదు. జనజ్ఞాపకంలో బతికే పాఠం ఏ మాధ్యమంలో ఉన్నా మన పరిధిలోనిదే. పాటల సాహిత్యంపై సిద్ధాంతవ్యాసాలకు అనుమతిస్తూ, ఆ పాట ఉన్న దృశ్యం ప్రామాణ్యం మాత్రం మనది కాదనడం పొసగదు.

రెండవది: ప్రేక్షకుడికి కావలసింది చూడడం, పీఠికలు కాదు. 2022 ఆగస్టులో 'పోకిరి' ప్రత్యేక ప్రదర్శనలతో ఊపందుకొన్న పునర్విడుదలల ఉత్సాహం, 2023 మే 31న 'మోసగాళ్ళకు మోసగాడు' 4కె రూపంలో రావడం ఈ ఆక్షేపణకు బలంగా కనిపిస్తాయి. అభిమానుల ఉత్సాహాన్ని ఎవరూ చులకన చేయనక్కరలేదు. కానీ '4కె' అన్నది బొమ్మలోని బిందువుల సంఖ్యను తెలిపే మాట, ప్రామాణ్యాన్ని తెలిపే మాట కాదు. వెలిసిన, కోసిన ప్రతిని కూడా 4కెలోకి మార్చవచ్చు. తప్పుల తడక ప్రతిని నాణ్యమైన కాగితం మీద అచ్చువేస్తే అది పరిష్కృత ముద్రణ కాదు.

మూడవది: మూల నెగటివ్ దొరకనప్పుడు ఏం చేయగలం? దొరికినదాన్ని చెప్పి చేయగలం. డేవిడ్ లీన్ యుద్ధచిత్రం 'లారెన్స్ ఆఫ్ అరేబియా' (1962)ను రాబర్ట్ హారిస్ 1989లో పునరుద్ధరించినప్పుడు కొన్ని దృశ్యాలకు బొమ్మ దొరికింది, ధ్వని దొరకలేదు. పీటర్ ఓ టూల్ తదితర నటులు ఏళ్ళ తరువాత తమ మాటలు మళ్ళీ చెప్పారు. మరణించిన నటుడు జాక్ హాకిన్స్‌కు మరొకరు గొంతునిచ్చారు. ఇదంతా బహిరంగంగా తెలిసిన విషయం. మన దేశంలోనే శ్యామ్ బెనెగల్ 'మంథన్' (1976)ను ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ పునరుద్ధరించి 2024లో కాన్ చిత్రోత్సవంలో ప్రదర్శించినప్పుడు, బొమ్మకు మూల నెగటివ్‌ను, ధ్వనికి ప్రదర్శన ప్రింటును ఆధారం చేసుకొన్నట్లు ప్రకటించింది. దర్శకుడు, ఛాయాగ్రాహకుడు ఆ పనిని పర్యవేక్షించారు. ఇది ప్రతుల వివరం చెప్పే పీఠికే కదా.

దీనికి పక్కన మన 'మాయాబజార్' (1957)ను నిలిపి చూడాలి. 2010లో దానికి రంగులద్ది, ధ్వని మార్చి, నిడివి కొంత తగ్గించి విడుదల చేశారు. ప్రజలు ఆదరించారు. ఆ శ్రమనూ నైపుణ్యాన్నీ మెచ్చుకోవచ్చు. కానీ అది అనుసృజన. దాన్ని పునరుద్ధరణ అని పిలవడానికి తెలుగు విమర్శ అంగీకరించకుండా ఉండవలసింది. అక్కడ మనం మౌనంగా ఉన్నాం.

నాలుగవది అన్నిటికన్నా బలమైనది: ఈ చిత్రమే నాయకప్రధానం కదా, అంచులు పునరుద్ధరించినంత మాత్రాన గిరిజనులకు న్యాయం జరుగుతుందా? జరగదు. జనశ్రుతి నుంచి వచ్చిన సీత ప్రేమకథకు చిత్రంలో దక్కిన చోటు గాం సోదరులకు దక్కలేదు. కోయ భాష వినిపించదు. 1982లో డేవిడ్ ఆర్నాల్డ్ గూడెం-రంప తిరుగుబాట్లను 1839 నుంచి సాగిన ఒక దీర్ఘ పరంపరగా చూపించాడు. ఆ పరంపర చిత్రంలో లేదు. కానీ చిత్రం చేసిన తప్పును విమర్శించాలంటే చిత్రం ఏం చేసిందో సరిగా తెలియాలి. గిరిజనులను అంచుకు నెట్టినది దర్శకుడా, ప్రతిని కోసినవాడా అన్నది కోసిన ప్రతి చూసి తేల్చలేం. నిందించడానికైనా శుద్ధపాఠం కావాలి.

5. కనీస నియమాలు

ఈ చిత్రాన్ని గానీ, ఈ కోవకు చెందిన మరే చిత్రాన్ని గానీ ఏ సంస్థ ఇంటి తెరకు కొత్తగా తెచ్చినా, దాన్ని ప్రమాణప్రతిగా అంగీకరించడానికి ఈ కింది నియమాలను శాఖలు పట్టుబట్టాలని ప్రతిపాదిస్తున్నాను.

ఒకటి, ఆధారమైన నెగటివ్ లేదా ప్రింట్ల వివరం, ఏ భాగం దేనినుంచి తీసుకొన్నారన్నది, మొత్తం నిడివి ప్రతిమీద ప్రకటించాలి. రెండు, 2.35 వెడల్పు పూర్తిగా ఉండాలి. మూడు, తొలి విడుదల నాటి ధ్వని ఎంపికగా తప్పనిసరిగా ఉండాలి. నాలుగు, రంగు నిర్ణయానికి, తొలగింపులకు, పూరణలకు బాధ్యులెవరో చెప్పాలి. అయిదు, చరిత్రకూ కథకూ ఉన్న తేడాను వివరించే పీఠిక జతపరచాలి. ఆరు, మన్యం పెద్దలు తమ భాషలో, కోయలోనూ, ఈ చిత్రం చూస్తూ చెప్పే మాటలను వేరొక ధ్వనిమార్గంగా చేర్చాలి. ఆరవది అదనపు అలంకారం కాదు. పాఠంలో లోపించినదాన్ని పాఠంలో చొప్పించకుండా పక్కన నిలిపే పద్ధతి. మన వ్యాఖ్యాతలు చేసిన పని అదే.

శాఖలవైపు చేయవలసినవి రెండున్నాయి. సిద్ధాంతవ్యాసాల్లో చలనచిత్ర ప్రతి వివరాన్ని గ్రంథ ముద్రణ వివరంలాగే తప్పనిసరి చేయాలి. ఒకే చిత్రానికి దొరికిన గృహవీక్షణ ప్రతులన్నిటినీ సేకరించి, దృశ్యాలవారీగా పోల్చి, భేదాల పట్టిక తయారుచేయాలి. దీనికి పెద్ద నిధులు అక్కరలేదు, ఓపిక కావాలి. అచ్చయిన ప్రతి పుస్తకాన్నీ జాతీయ గ్రంథాలయాలకు అందించాలని 1954 నుంచి చట్టమున్నది. సినిమాకు అటువంటి చట్టరక్షణ లేదు. పుణెలో 2003లో జరిగిన అగ్నిప్రమాదంలో నైట్రేట్ ఫిల్ములు ఎన్నో బూడిదయ్యాయి. వి.సి.డి.లు కూడా శాశ్వతం కావు. కోసిన ప్రతులైనా సరే, ఏవి కోశారో చెప్పడానికి సాక్ష్యాలుగా వాటిని ఇప్పుడే భద్రపరచాలి.

ముగింపు

మన కాపీరైట్ చట్టం ప్రకారం 1974 నాటి చిత్రంపై హక్కు 2034 చివరిదాకా హక్కుదారులది. ఆ తరువాత అది ప్రజలది. అప్పుడు ప్రజల చేతికి ఏది అందుతుందన్నది ఈ మధ్యకాలంలో మనం చేసే పనిమీద ఆధారపడి ఉన్నది. అదే కాలంలో పోలవరం జలాశయం కూనవరం, వరరామచంద్రపురం మండలాల పల్లెలను ముంచబోతున్నది. రేకపల్లి తిరుగుబాటు నేల నీటి అంచున నిలిచి ఉన్నది. నేలను కాపాడడం సాహిత్య శాఖ చేతిలో లేదు. ఆ నేలవంటి నేలమీద తీసిన బొమ్మ వెడల్పును కాపాడమని అడగడం మాత్రం మన చేతిలో ఉన్నది.

ఆ పెద్దాయన అడిగిన ప్రశ్నకు ఆనాడు బడిలో ఎవరూ సమాధానం చెప్పలేదు. ఈనాడు సమాధానం తెలుసు. వాళ్ళు ఎక్కడికీ పోలేదు. నెగటివ్‌లోనో, ఏదో ఒక ప్రింటులోనో, అంచున ఉన్నారు. వారిని వెతికి పాఠంలో నిలపడం పరిష్కర్త పని. ఆ పని చేయకుండా విడుదలయ్యే ప్రతి ఎంత మెరిసినా దాన్ని పునరుద్ధరణగా మన వ్యాసాల్లో పేర్కొనరాదు.